ఫ్యాన్ ఫిల్మ్‌కి కొత్త ఫోన్ అక్కర్లేదు తమ్ముడూ... ముందు ఈ స్టార్ ట్రెక్ కథ విను!

పోయిన నెల ఒక రీడర్ నాకు మెసేజ్ పెట్టాడు. డిగ్రీ సెకండ్ ఇయర్ అట. "అన్నా, మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి స్టార్ ట్రెక్ మీద ఫ్యాన్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. లాగ్ వీడియో ఉన్న ఫోన్ కావాలి. ఈఎంఐలో 80 వేల దాకా పెట్టగలను. ఏది తీసుకోమంటావ్?"

మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నలకు రెండు నిమిషాల్లో జవాబు ఇచ్చేస్తాను. సెన్సర్ సైజు, స్టెబిలైజేషన్, స్టోరేజ్ చూసి మూడు మోడల్స్ పేర్లు చెప్పేస్తే పని అయిపోతుంది. ఈసారి మాత్రం చెయ్యి ఆగింది. ఎందుకంటే ఈ పిచ్చి నాకూ ఉండేది.

ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్‌లో మా హాస్టల్ గదిని స్టార్‌షిప్ బ్రిడ్జిగా మార్చాం. థర్మోకోల్ షీట్లకి నల్ల రంగు వేసి, చిల్లులు పెట్టి, వెనకాల వినాయక చవితికి కొన్న సీరియల్ లైట్లు పెట్టాం. కెప్టెన్ కుర్చీ కంప్యూటర్ ల్యాబ్‌ది. కెమెరా రెండు రోజులకి అద్దెకు తెచ్చిన డీఎస్ఎల్ఆర్. విజువల్స్ బాగానే వచ్చాయి. తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే డైలాగుల కంటే కూలర్ చప్పుడే గట్టిగా వినిపిస్తోంది. మళ్లీ తీద్దామంటే సెమిస్టర్ పరీక్షలు. సినిమా 11 నిమిషాల దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ నా పాత హార్డ్ డిస్క్‌లో అలాగే ఉంది.

అందుకే ఈసారి ఫోన్ పేరు కాకుండా వేరే విషయం చెప్పాలనిపించింది. ఫ్యాన్ ఫిల్మ్‌లు ఆగిపోయేది కెమెరా బాగోక కాదు. స్టార్ ట్రెక్ ఫ్యాన్ ఫిల్మ్‌ల చరిత్ర చూస్తే అది చాలా క్లియర్‌గా అర్థమవుతుంది.

ఉప్పు డబ్బాల స్పేస్‌షిప్

స్టార్ ట్రెక్ మొదటి ఎపిసోడ్ అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో 1966 సెప్టెంబర్ 8న వచ్చింది. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. 1969లో ఆపేశారు. ఎంటర్‌ప్రైజ్ షిప్‌ది ఐదేళ్ల ప్రయాణం అని ప్రతి ఎపిసోడ్ మొదట్లో చెప్పేవాళ్లు. టీవీలో మాత్రం మూడేళ్లకే అయిపోయింది. మిగిలిన రెండేళ్లలో ఏం జరిగిందన్నది ఫ్యాన్స్‌ని దశాబ్దాల పాటు తొలిచేసిన ప్రశ్న.

ఇంకో విషయం. ఆ సిరీస్ బడ్జెట్ చాలా టైట్. ప్రతి వారం షిప్‌ని ఒక కొత్త గ్రహం మీద దించి చూపించాలంటే ఖర్చు ఎక్కువవుతుందని, మనుషుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే 'ట్రాన్స్‌పోర్టర్' అనే ఐడియా పట్టుకొచ్చారు. డాక్టర్ మెక్‌కాయ్ చేతిలో కనిపించే కొన్ని వైద్య పరికరాలు నిజానికి డైనింగ్ టేబుల్ మీద పెట్టే ఉప్పు డబ్బాలు! డిజైన్ వెరైటీగా ఉందని వాటినే వాడేశారు.

మన గాడ్జెట్ బ్యాచ్‌కి ఈ సిరీస్ మీద ఎందుకంత ప్రేమ అంటే ఇదీ ఒక కారణమే. కెప్టెన్ కిర్క్ మూత తెరిచి మాట్లాడే కమ్యూనికేటర్‌ని, 1996లో వచ్చిన మోటరోలా స్టార్‌ట్యాక్ ఫ్లిప్ ఫోన్‌ని పక్కపక్కన పెట్టి చూడండి. బంధుత్వం ఇట్టే కనిపెట్టేస్తారు. భవిష్యత్తుని అట్టముక్కలతో, ఉప్పు డబ్బాలతో చూపించిన సిరీస్ అది. చూసినవాడికి "ఇది నేనూ చేయగలనే" అనిపించకపోతేనే ఆశ్చర్యం.

ఫ్యాన్స్ ఎంత దూరం వెళ్లారంటే

అనుకున్నారు, చేశారు కూడా. 'హిడెన్ ఫ్రాంటియర్' అనే ఫ్యాన్ సిరీస్ 2000 నుంచి 2007 వరకు ఏకంగా 50 ఎపిసోడ్లు తీసింది. ఇంట్లో గ్రీన్ స్క్రీన్ కట్టి నటులను షూట్ చేసి, వెనకాల షిప్ లోపలి భాగాలను కంప్యూటర్‌లో కలిపేవాళ్లు. నటన అక్కడక్కడా స్కూల్ యానివర్సరీ నాటకంలా ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ ఇద్దరు మగవాళ్ల ప్రేమకథను అందులో ధైర్యంగా చూపించారు. అసలు స్టార్ ట్రెక్ టీవీ సిరీస్‌లో అలాంటి జంట ప్రధాన పాత్రల్లో కనిపించడానికి 2017లో 'డిస్కవరీ' వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

'స్టార్‌షిప్ ఎక్సెటర్' టీమ్‌ది ఇంకో రకం కథ. వాళ్ల రెండో ఎపిసోడ్ షూటింగ్ 2004లో జరిగితే, పూర్తిగా బయటకు వచ్చింది 2014లో. పదేళ్లు! నా 11 నిమిషాల సినిమా గుర్తొచ్చి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఫిన్లాండ్‌లో సాములి టోర్సొనెన్, అతని ఫ్రెండ్స్ కలిసి 'స్టార్ రెక్: ఇన్ ది పిర్కినింగ్' అనే పేరడీ తీశారు. ఏడేళ్లు కష్టపడి, ఎఫెక్ట్స్ చాలావరకు ఇంట్లో కంప్యూటర్ల మీదే చేసుకుని, 2005లో ఇంటర్నెట్‌లో ఫ్రీగా వదిలారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక న్యూయార్క్ రాష్ట్రంలోని టికొండెరోగా ఊళ్లో జేమ్స్ కాలీ. ఈయన ఎల్విస్ ప్రెస్లీ వేషం కట్టి ప్రోగ్రాములు ఇచ్చే కళాకారుడు. అలా సంపాదించిన డబ్బుతో 1960ల నాటి ఎంటర్‌ప్రైజ్ సెట్లను దాదాపు అంగుళం తేడా లేకుండా కట్టించాడు. 2004 నుంచి 'న్యూ వాయేజెస్' పేరుతో ఎపిసోడ్లు వదిలాడు. ఒరిజినల్ సిరీస్‌లో సూలు పాత్ర వేసిన జార్జ్ టకేయ్ 2007లో వీళ్ల ఎపిసోడ్‌లో అదే పాత్ర మళ్లీ చేశారు. ఆ ఎపిసోడ్ సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద గౌరవమైన హ్యూగో అవార్డుకి నామినేట్ అయింది. ఫ్యాన్స్ సొంతంగా తీసుకున్న వీడియో!

విక్ మిన్యోనా నడిపిన 'స్టార్ ట్రెక్ కంటిన్యూస్' 2013 నుంచి 2017 వరకు 11 ఎపిసోడ్లు ఇచ్చింది. ఇందులో ఇంజినీర్ స్కాటీగా చేసింది ఎవరో తెలుసా? ఒరిజినల్ స్కాటీ జేమ్స్ డూహన్ కొడుకు క్రిస్ డూహన్. ఆ ఐదేళ్ల ప్రయాణం ఎలా ముగిసిందన్న ప్రశ్నకి చివరి రెండు ఎపిసోడ్లలో వీళ్లు తమ జవాబు చెప్పారు.

ఇక్కడ ఒక తేదీ గమనించండి. టీవీలో 'ఎంటర్‌ప్రైజ్' సిరీస్ 2005 మేలో ఆగిపోయింది. తర్వాతి సిరీస్ 'డిస్కవరీ' వచ్చింది 2017 సెప్టెంబర్‌లో. మధ్యలో మూడు సినిమాలు తప్పితే పన్నెండేళ్ల పాటు టీవీలో కొత్త స్టార్ ట్రెక్ లేనే లేదు. ఆ ఖాళీలో పొయ్యి ఆరిపోకుండా చూసుకున్నది ఈ ఫ్యాన్సే. నా వాదనలో సగం ఇక్కడే ఉంది.

డబ్బు ఎంటరైంది, కథ మారింది

2014లో 'ప్రిల్యూడ్ టు ఆక్సనార్' అని 21 నిమిషాల ఫిల్మ్ వచ్చింది. అలెక్ పీటర్స్ దాని నిర్మాత. నేను చూసినప్పుడు నిజంగా నోరెళ్లబెట్టాను. టీవీ డాక్యుమెంటరీ స్టైల్, అదిరిపోయే స్పేస్ యుద్ధాలు. టోనీ టాడ్, రిచర్డ్ హ్యాచ్, గ్యారీ గ్రాహం లాంటి ప్రొఫెషనల్ నటులు. దాన్ని చూపించి ఫుల్ లెంగ్త్ సినిమా కోసం క్రౌడ్‌ఫండింగ్‌కి వెళ్తే, మొత్తం కలిపి పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బుతో సొంత స్టూడియో కూడా మొదలుపెట్టారు.

2015 డిసెంబర్ చివర్లో సీబీఎస్, పారామౌంట్ కోర్టుకెక్కాయి. వల్కన్ల మొనదేలిన చెవుల దగ్గర్నుంచి క్లింగాన్ భాష దాకా ఏమేం తమవో లిస్టు ఇచ్చాయి. "భాష మీద కాపీరైట్ ఏంటి?" అంటూ కృత్రిమ భాషలు తయారుచేసేవాళ్ల సంఘం ఒకటి కోర్టుకి ఇచ్చిన పత్రంలో క్లింగాన్ వాక్యాలే రాసింది. సరదాగానే ఉంటుంది కానీ కేసు మాత్రం సీరియస్. ఫెయిర్ యూజ్ అనే వాదన ఇక్కడ చెల్లదని 2017 జనవరి మొదట్లో జడ్జి తేల్చేశారు. అదే నెలలో రాజీ కుదిరింది. ఫుల్ లెంగ్త్ సినిమా పోయింది. ఒక్కోటి 15 నిమిషాలకు మించకుండా రెండు భాగాలు తీసుకోవచ్చన్నారు. అంతే.

నష్టపోయింది ఆక్సనార్ ఒక్కటే కాదు. టామీ క్రాఫ్ట్ అనే కుర్రాడు 'హొరైజన్' అనే ఫుల్ లెంగ్త్ ఫ్యాన్ ఫిల్మ్‌ని ఆక్సనార్ ఖర్చుతో పోలిస్తే చిల్లర డబ్బులతో తీసి 2016లో రిలీజ్ చేశాడు. దానికి సీక్వెల్ మొదలుపెడదామనుకునేలోపు వద్దని సీబీఎస్ నుంచి కబురొచ్చింది. ఆపేశాడు. కోర్టు గొడవ ఎవరిదో, దెబ్బ తగిలింది ఎవరికో చూడండి.

ఆ పది రూల్స్: ఏది కరెక్ట్, ఏది కాదు

కేసు నడుస్తుండగానే 2016 జూన్‌లో సీబీఎస్, పారామౌంట్ కలిసి ఫ్యాన్ ఫిల్మ్‌లకు పది రూల్స్ విడుదల చేశాయి. ముఖ్యమైనవి ఇవీ:

ఒక కథ 15 నిమిషాల లోపు ఉండాలి. కావాలంటే రెండు భాగాలు, మొత్తం 30 నిమిషాలు. సీజన్లు, సీక్వెల్స్ లాంటివి కుదరవు. పేరులో 'స్టార్ ట్రెక్' అనే మాట ఉండకూడదు, కింద మాత్రం ఇది ఫ్యాన్ ప్రొడక్షన్ అని వేయాలి. పాత ఎపిసోడ్ల క్లిప్పులు వాడకూడదు. షాపుల్లో దొరికే యూనిఫారాలు, బొమ్మలు వాడితే అవి అఫీషియల్‌వే అయ్యుండాలి. పనిచేసేవాళ్లకి జీతాలు ఇవ్వకూడదు. స్టార్ ట్రెక్ సిరీస్‌లలో, సినిమాల్లో ఇప్పుడు గానీ ఇంతకుముందు గానీ పనిచేసినవాళ్లు ఉండకూడదు. సేకరించే డబ్బు 50 వేల డాలర్లు దాటకూడదు. ఫ్రీగానే చూపించాలి, దాని మీద సంపాదించకూడదు.

ఇవి పాటిస్తే "అభ్యంతరం చెప్పం" అన్నారు. గమనించండి, "హక్కు ఇస్తున్నాం" అనలేదు.

అప్పట్లో ఫ్యాన్స్‌లో చాలామంది దీన్ని ఫ్యాన్ ఫిల్మ్‌ల చావుగా చూశారు. నేనూ అలాగే తిట్టుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం కొంచెం మారింది.

డబ్బు పరిమితి కరెక్టే అంటాను. పది లక్షల డాలర్లు చేతిలో పడ్డాక అది ఇక ఫ్యాన్ ఫిల్మ్ కాదు, పర్మిషన్ లేని కంపెనీ. ఇచ్చినవాళ్లు కూడా అభిమానులే కదా. సినిమా ఆగిపోతే నష్టం వాళ్లదే. పెద్ద మొత్తం రాకుండా అడ్డుకోవడం స్టూడియో స్వార్థమే కావచ్చు, కానీ అది అభిమాని జేబుని కూడా కాపాడుతుంది.

15 నిమిషాల రూల్ దగ్గర నాకు ఫిఫ్టీ ఫిఫ్టీ. కొత్తగా తీసేవాడికి అది మేలే. గంటన్నర స్క్రిప్టు పట్టుకుని మొదలైన అమెచ్యూర్ ప్రాజెక్టుల్లో ఎన్ని పూర్తవుతాయో మనకు తెలియనిది కాదు. కానీ ఏళ్ల తరబడి 50 నిమిషాల ఎపిసోడ్లు నీట్‌గా తీసిన కంటిన్యూస్ లాంటి టీమ్‌కి కూడా అదే కొలత పెట్టడం అన్యాయం. వాళ్లు 13 ఎపిసోడ్లు అనుకుని 11తో ముగించారు.

పూర్తిగా తప్పు అనిపించేది మాత్రం పాతవాళ్లు పనిచేయకూడదన్న రూల్. పారితోషికం సంగతి పక్కన పెట్టండి. నలభై ఏళ్ల క్రితం ఒక పాత్ర వేసిన పెద్దాయన, ప్రేమ కొద్దీ వచ్చి కుర్రాళ్లతో ఒక రోజు ఫ్రీగా నటిస్తానంటే స్టూడియోకి పోయేదేంటి? టకేయ్ ఎపిసోడ్ హ్యూగో దాకా వెళ్లింది కదా! ఈ రూల్ అప్పుడే ఉండుంటే ఆ ఎపిసోడే ఉండేది కాదు. పన్నెండేళ్లు పొయ్యి ఆరకుండా చూసినవాళ్లకి ఇచ్చే మర్యాద ఇది కాదు.

అదే స్టూడియో ఇంకోవైపు మంచి పని కూడా చేసింది. జేమ్స్ కాలీ ఫ్యాన్ ఎపిసోడ్లు ఆపేసి, తన సెట్లను చూడ్డానికి జనం వచ్చే టూర్‌గా మార్చుకుంటానంటే 2016లో అఫీషియల్ లైసెన్స్ ఇచ్చింది. కెప్టెన్ కిర్క్‌గా చేసిన విలియం షాట్నర్ కూడా అక్కడికి వచ్చి ఫ్యాన్స్‌ని కలిశారు. అంటే మాట్లాడుకుంటే దారి ఉంటుందన్నమాట. టికొండెరోగాలో కుదిరింది మిగతావాళ్లకి ఎందుకు కుదరలేదన్నదే నా బాధ.

"ఇదంతా అమెరికా గొడవ, మనకేంటి" అనకండి. మన కాపీరైట్ చట్టంలో సొంత వాడకానికి, విమర్శకి, సమీక్షకి మినహాయింపులున్నాయి. ఫ్యాన్ ఫిల్మ్ అనే మాట మాత్రం లేదు. పైగా యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేశాక మీరు నెల్లూరులో ఉన్నా, నల్గొండలో ఉన్నా ఆడియో క్లెయిమ్ ఒకేలా వచ్చి పడుతుంది. ఒరిజినల్ థీమ్ మ్యూజిక్ జోలికి అస్సలు పోవద్దు.

సరే, ఫోన్ సంగతికి వద్దాం

2015లో 'టాంజరిన్' అనే సినిమాని ఐఫోన్ 5ఎస్‌తో తీసి థియేటర్లలో ఆడించారు. ఆ ఫోన్ ఇప్పుడు ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోం. కాబట్టి మీ జేబులో ఉన్న మిడ్ రేంజ్ ఫోన్‌తో 15 నిమిషాల సినిమా తీయొచ్చా అనేది ప్రశ్నే కాదు.

లాగ్ వీడియో, ప్రోరెస్ బాగుంటాయి, నిజమే. గ్రీన్ స్క్రీన్ షాట్లలో జుట్టు అంచులు నీట్‌గా వస్తాయి. కానీ 4కె ప్రోరెస్ అయితే నిమిషానికి 6 జీబీ దాకా తినేస్తుంది. 15 నిమిషాల సినిమాకి మీరు తక్కువలో తక్కువ రెండు గంటల ఫుటేజ్ తీస్తారు. లెక్క వేసుకోండి, 700 జీబీ. ఫోన్ ఈఎంఐ కాకుండా ఎస్ఎస్‌డీ, దాన్ని లాగగలిగే ల్యాప్‌టాప్... ఖర్చు ఎక్కడ ఆగుతుంది?

దానికి బదులు ఉన్న ఫోన్‌లో ఇవి చేయండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. ఫ్రేమ్ రేట్‌ని ఫిక్స్ చేసే కెమెరా యాప్ వాడండి, లేకపోతే ఎడిటింగ్‌లో ఆడియో, వీడియో మెల్లగా విడిపోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేమ్స్, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబ్‌లైట్లు, సీరియల్ లైట్లు మినుకుమినుకుమనడం చాలావరకు తగ్గుతుంది. ఆకుపచ్చ గుడ్డని ఇస్త్రీ చేసి, నటుడిని దానికి ఆరేడు అడుగుల దూరంలో నిలబెట్టి, గుడ్డకీ మనిషికీ వేర్వేరుగా లైట్ ఇవ్వండి. షిప్పులకి బ్లెండర్, ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్. రెండూ రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతాయి.

డబ్బు పెట్టాల్సింది ఒక్కదానికే. కాలర్ మైక్. షూటింగ్ టైమ్‌లో కూలర్ ఆపేయండి, గోడలకి దుప్పట్లు వేలాడదీయండి. ఈ మాట నా హార్డ్ డిస్క్ సాక్షిగా చెప్తున్నా.

"మరి సొంత కథే తీయొచ్చు కదా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. వేరేవాళ్ల స్థలంలో ఇల్లు ఎందుకు కట్టడం, ఎప్పుడైనా ఖాళీ చేయమంటారు కదా అని. న్యాయమైన ప్రశ్నే.

నా జవాబు: ఇల్లు కట్టొద్దు, పందిరి వేయండి. ఫ్యాన్ ఫిల్మ్‌లో ప్రపంచం ముందే రెడీగా ఉంటుంది. వల్కన్ అంటే ఎవరో, ఫేజర్ అంటే ఏంటో చూసేవాడికి వివరించక్కర్లేదు. మీరు నేర్చుకోవాల్సిన మిగతా పనుల మీద, అంటే లైటింగ్, సౌండ్, ఎడిటింగ్, నటులను ఒప్పించడం మీద పూర్తిగా దృష్టి పెట్టొచ్చు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ ఫిన్లాండ్ టీమ్ అదే చేసింది. పేరడీతో పని నేర్చుకుని, ఆ తర్వాత 2012లో 'ఐరన్ స్కై' అనే సొంత సైన్స్ ఫిక్షన్ సినిమాతో థియేటర్లకి వచ్చింది.

పందిరి అనుకుంటే ఖర్చూ అదుపులో ఉంటుంది, పీకేయాల్సి వస్తే గుండె పగలదు. ఇల్లే అనుకుని అప్పు చేస్తే ఆక్సనార్ అవుతుంది.

ఆ తమ్ముడికి ఇదంతా ఇంతకంటే చిన్నగా రాసి పంపాను. ఫోన్ కొనొద్దు, కాలర్ మైక్ కొను, 15 నిమిషాలు దాటకు, జనం దగ్గర డబ్బు వసూలు చేయకు అన్నాను. చివర్లో "ఇంతకీ స్క్రిప్ట్ ఎన్ని పేజీలు వచ్చింది?" అని అడిగాను.

కాసేపటికి రిప్లై వచ్చింది. "ఇంకా రాయలేదన్నా. ముందు ఫోన్ తీసుకుని మొదలుపెడదామనుకున్నాం."

నేను కూడా అప్పట్లో సరిగ్గా ఇదే అనుకున్నాను. కెమెరా అద్దెకు తెచ్చాక స్క్రిప్ట్ రాశాం. మొన్న వాడు ఎనిమిది పేజీలు పంపాడు. రెండో పేజీలో డైలాగులు తేలిపోయాయి, ఐదో పేజీ మాత్రం చాలా బాగుంది. ఫోన్ పాతదే, స్క్రీన్ మీద ఒక గీత కూడా ఉందట. షూటింగ్ సంక్రాంతి సెలవుల్లో. సౌండ్ చూసుకోవడానికి నేను వస్తానన్నాను.